ప్రజల సొమ్ముకు ప్రజల ముందే లెక్క

ప్రజాధనాన్ని చేతికి తీసుకున్నవాడికి అన్నిటికన్నా ముందు నిలిచే ధర్మం ఒకటుంది: అడగకముందే లెక్క అప్పజెప్పడం. ప్రాజెక్టులు కట్టడం, పథకాలు పంచడం, పరిశ్రమలు తేవడం అన్నీ దాని తరవాతివే. లెక్క చెప్పనివాడు చేసిన మేలు కూడా అనుమానం పాలవుతుంది. లెక్క చెప్పినవాడి వల్ల పొరపాటు జరిగినా లోకం సహిస్తుంది, దిద్దుకోనిస్తుంది. మన తెలుగు రాష్ట్రాల్లోనూ, మొత్తం దేశంలోనూ ప్రభుత్వాలు ఈ ధర్మం విషయంలో తడబడుతున్న కాలం ఇది. ఒకరు తెరిచిన తలుపును మరొకరు మూస్తున్నారు. మూసినవారే ఇంకోచోట తలుపు తెరిచామని చెప్పుకుంటున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు ఏలేవారికీ, వారిని ఎన్నుకున్నవారికీ కలిపి చెప్పవలసి వస్తోంది.

ఈ నీతి పాతది. రాజ్యాధికారం నిలబెట్టుకునే ఉపాయాలు చెప్పిన కౌటిల్యుడి అర్థశాస్త్రమే, లెక్కల అధికారులు ఏటా ఆషాఢంలో ముద్ర వేసిన పుస్తకాలతో, మిగులు ధనంతో వచ్చి లెక్క ఒప్పజెప్పాలని శాసించింది. వచ్చినవారిని ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వరాదనీ చెప్పింది. ఉద్యోగులు ఖజానాను కాజేసే మార్గాలు నలభై అని ఒక్కొక్కటీ పేరుపెట్టి వివరించింది. మనుషులందరూ చెడ్డవారని ఆ గ్రంథకర్త భావించి ఉండడు. చూసే కళ్లు లేనిచోట మంచివాడి సంకల్పం కూడా సడలుతుందని ఎరిగినవాడు ఆయన.

మన పొరుగున కాంచీపురం జిల్లా ఉత్తరమేరూరులో, చోళరాజు మొదటి పరాంతకుడి కాలంలో, అంటే పదో శతాబ్దం తొలినాళ్లలో, గ్రామసభ ఎన్నికల నియమాలను గుడి గోడ మీద చెక్కించారు. తాటాకు చీటీల మీద పేర్లు రాసి, కుండలో వేసి, తీసేవారు. ఆ కుండలో ఎవరి పేర్లు వేయకూడదో కూడా శాసనం చెప్పింది. అంతకుముందు సంఘంలో పనిచేసి లెక్కలు అప్పజెప్పనివాడి పేరు వేయకూడదు. అతడి దగ్గరి బంధువుల పేర్లూ వేయకూడదు. దొంగతనం రుజువు కానక్కర్లేదు. లెక్క చెప్పకపోవడమే అనర్హత. వెయ్యేళ్ల కిందటి ఆ ఊరివారు పెట్టిన షరతు ఈనాటి మన చట్టసభల అభ్యర్థులకు లేదు.

మన ద్రాక్షారామం భీమేశ్వరాలయానికి వెళ్లినవారు ఆ స్తంభాల మీద, గోడల మీద వరసలు వరసలుగా ఉన్న శాసనాలు చూసే ఉంటారు. ఫలానా సంవత్సరంలో, ఫలానావారు, స్వామికి అఖండ దీపం వెలగడానికి ఇన్ని పశువులు ఇచ్చారు, వాటిని ఫలానావారికి అప్పగించారు, వారు రోజూ ఇంత నెయ్యి పోయాలి. ఇచ్చినవాడి పేరు, ఇచ్చినదాని లెక్క, పుచ్చుకున్నవాడి బాధ్యత, మూడూ రాతిమీద ఉన్నాయి. గుడికి వచ్చిన ప్రతివాడూ చదువుకోగల చోట ఉన్నాయి. నేడు మనం బహిరంగ సమాచారం అని కొత్త పేరుతో పిలుస్తున్నదానికి కావలసింది కూడా ఆ మూడే: ఎవరి సొమ్ము, ఎంత, ఎవరు ఏం చేయాలి.

ఊళ్లో అమ్మవారి జాతరకు చందాలు వసూలు చేసిన పెద్దమనిషి, జాతర ముగిసిన మర్నాడు రచ్చబండ దగ్గర కూర్చుని వచ్చింది ఇంత, మేళానికి ఇంత, పందిరికి ఇంత, మిగిలింది ఇంత అని చదువుతాడు. మీరెవరు అడగడానికి అని అతడు అనడు. అన్నాడంటే మరుసటి ఏడు అతడి చేతికి ఎవరూ పైసా ఇవ్వరు. ఊరికి ఉన్న ఈ ఇంగితం రాజధానికి ఎందుకు ఉండకూడదు?

ఇక మన కళ్లముందు జరిగినదానికి వద్దాం. ప్రభుత్వం తీసుకునే నిర్ణయం జీవోగా వెలువడుతుంది. ఒక జీవోను చేతిలోకి తీసుకుని చూడండి. పైన విషయ సారాంశం. దాని కింద శాఖ పేరు. ఆ తరవాత ఏయే లేఖలు, ఏయే పాత ఉత్తర్వులు చూసి ఈ నిర్ణయానికి వచ్చారో వరస. పిమ్మట అసలు ఆదేశం. చివర, గవర్నర్ ఆజ్ఞానుసారం, వారి పేరిట అనే మాట, కార్యదర్శి సంతకం. అన్నిటికన్నా కింద, ఎవరెవరికి ప్రతులు పంపాలో జాబితా. ఆ జాబితాలో అధికారులుంటారు, ఖజానా కార్యాలయాలుంటాయి. పౌరుడి పేరు ఉండదు. వెబ్‌సైట్‌లో పెట్టే ప్రతి ఒక్కటే పౌరుడికి అందే ప్రతి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి జీవోలను వెబ్‌సైట్‌లో ఉంచడం మొదలైంది. రైతు తన మండలానికి మంజూరైన చెరువు పని జీవోను అక్కడ చూసుకున్నాడు. ఉద్యోగి తన బదిలీ ఉత్తర్వును, విలేఖరి భూమి కేటాయింపును, న్యాయవాది నిబంధన సవరణను అక్కడే చూశారు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పద్ధతిని ఆపేసింది. దానికి కొద్దిరోజుల ముందే, నంబరు మాత్రం ఉండి లోపల ఏమీ లేని ఖాళీ జీవోలు బయటపడి ఫిర్యాదు గవర్నర్ దాకా వెళ్లింది. ఖాళీ కాగితానికి నంబరు వేసినవారు జవాబు చెప్పుకోవలసి ఉండగా, కాగితాలు కనిపించే చోటే మూతపడింది. తరవాత ఈ-గెజిట్‌లో కొన్ని జీవోలు పెడతామన్నారు. ఏది ప్రజలకు అవసరమో, ఏది అక్కర్లేదో కూడా పాలకులే తేల్చారు. 2024లో ప్రభుత్వం మారాక, ఆగస్టులో పాత వెబ్‌సైట్‌ను తిరిగి తెరిచారు. మంచిదే. అయితే మూడేళ్లపాటు ఒక రాష్ట్ర ప్రజలు తమ ప్రభుత్వ ఉత్తర్వుల్లో చాలావాటిని తాము చదువుకోలేకపోయారన్న సంగతిని అంత తేలికగా మరిచిపోకూడదు.

అదే 2021 ఆగస్టులో హైదరాబాదులో మరో సంగతి జరిగింది. జీవోలను 24 గంటల్లోగా వెబ్‌సైట్‌లో పెట్టాలని తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. న్యాయస్థానం చెప్పేదాకా ఆ పని ఎందుకు ఆగింది? చెప్పిన తరవాతైనా ఫిర్యాదులు ఎందుకు ఆగలేదు? పాలించే పార్టీ మారినా, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు జీవోలు దాస్తున్నారని గొంతెత్తినవారే అధికారంలోకి వచ్చాక అదే మాట పడవలసి వస్తోంది. అంటే ఈ దోషం ఒక పార్టీది కాదు. అధికార పీఠానికి ఉన్న గుణమే అది. ఆ గుణాన్ని మనుషుల మంచితనంతో నయం చేయలేం. చట్టంతోనే నయం చేయాలి.

టెండర్ల విషయంలో ఈ తడబాటు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టి దేశానికి దారి చూపింది. అంతకుముందు టెండరు బాక్సు దగ్గర మనుషులను కాపలా పెట్టి, పోటీదారుణ్ని షెడ్యూలు కూడా వేయనివ్వని రోజులుండేవి. ఆ దౌర్జన్యానికి ఆన్‌లైన్ టెండరు చాలావరకు అడ్డుకట్ట వేసింది. ఆ గౌరవం మనది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంకో మెట్టు ఎక్కింది. వంద కోట్ల రూపాయలు, అంతకు మించిన పనుల టెండరు పత్రాలను ముందుగా హైకోర్టు న్యాయమూర్తి స్థాయి వ్యక్తి పరిశీలించాలనీ, ప్రజల అభ్యంతరాలు కూడా వినాలనీ చట్టం చేసింది. ఆ చట్టం చేసిన ప్రభుత్వమే రెండేళ్లు తిరిగేసరికి జీవోల వెబ్‌సైట్ మూసింది. జీవోల వెబ్‌సైట్ తెరిచిన తరవాతి ప్రభుత్వం, అదే 2024లో, ఆ ముందస్తు సమీక్ష చట్టాన్ని రద్దు చేసింది. పనులు ఆలస్యమవుతున్నాయని కారణం చెప్పారు. ఆలస్యం నిజమైతే గడువు తగ్గించవచ్చు, పద్ధతి సవరించవచ్చు. ప్రజలు ముందుగా చూసే అవకాశాన్నే తీసేయడం దానికి మందు కాదు.

టెండరు ప్రకటన నేడు అందరికీ కనిపిస్తుంది. చూడవలసిన అసలు కథ ఆ తరవాత మొదలవుతుంది. అర్హత షరతులు ఎవరి కొలతలకు కుట్టారు? సింగిల్ టెండరు వచ్చినా ఎందుకు ఖరారు చేశారు? టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చిన పనులెన్ని? అందరికన్నా తక్కువకు కోట్ చేసి ఎల్-1గా వచ్చినవాడు, ఒప్పందం కుదిరాక రివైజ్డ్ ఎస్టిమేట్ల రూపంలో, అదనపు పనుల రూపంలో ఎంత రాబట్టుకున్నాడు? గడువు ఎన్నిసార్లు పెంచారు, జరిమానా వేశారా, మాఫీ చేశారా? దోపిడీ ఎక్కడైనా ఉంటే ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. ప్రజలకు కనిపించనిదీ ఇక్కడే.

ఎం.బుక్ అనే కొలతల పుస్తకం సంగతే తీసుకోండి. పని జరిగిన చోట ఇంజినీరు పొడవు, వెడల్పు, మందం కొలిచి అందులో రాస్తాడు. ఆ అంకెల మీదే బిల్లు పాసవుతుంది. రోడ్డు మందం అందులో ఎంత రాశారో ఆ రోడ్డు మీద రోజూ పొలానికి నడిచే రైతుకు తెలిస్తే, గునపం పుచ్చుకుని అరగంటలో నిజం తేల్చగలడు. ఏ విజిలెన్స్ శాఖా అంత చవకగా, అంత తొందరగా తనిఖీ చేయలేదు. ఆ పేజీ బీరువాలో ఉన్నంతకాలం ఆ రైతు రోడ్డు మీద గుంతలు లెక్కపెట్టుకోవలసిందే.

ప్రజలే లెక్క చూసే ఈ శక్తి ఎంతటిదో మన నేల మీదే రుజువైంది. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానా అనే ఊళ్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జనసభ పెట్టి, పంచాయతీ పనుల బిల్లులు, మస్టర్లనే కూలీల హాజరు పట్టీలు పైకి చదివించింది. చేయని పనికి తమ పేర్లు రాసుకున్నారని కూలీలు లేచి చెప్పారు. ఆ పోరాటం పండి 2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం అమలులోకి వచ్చింది. మరుసటి ఏడు నుంచే ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలై, దేశానికి నమూనా అయింది. తనిఖీ బృందం ఇంటింటికీ వెళ్లి మస్టరు చదువుతుంది. ఈ వారం నువ్వు పనికి వెళ్లావా, ఇంత కూలి అందిందా అని అడుగుతుంది. మండల కేంద్రంలో ప్రజావేదిక మీద ఆ వివరాలు అందరి ముందూ చదువుతారు. వలసపోయినవాడి పేరిట, చనిపోయినవాడి పేరిట కూలి తీసిన సంగతులు అలాంటి వేదికల మీదే తేలాయి. పేరు చదవబట్టే తేలాయి.

ఇప్పుడు ఆ పేరుకే ఎసరు వచ్చింది. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షను వ్యక్తిగత సమాచారాన్ని కాపాడుతూనే, ప్రజా కార్యకలాపంతో సంబంధం ఉంటే, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలనేది. చట్టసభకు నిరాకరించలేనిదాన్ని పౌరుడికీ నిరాకరించరాదనేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ మాటలన్నీ తీసేసి, వ్యక్తిగత సమాచారమైతే చాలు నిరాకరించవచ్చనే అర్థం వచ్చేలా ఆ సెక్షనును కుదించింది. ప్రజాప్రయోజనం మిన్న అయితే ఇవ్వవచ్చనే 8(2) సెక్షను మిగిలే ఉందని సమాధానం చెబుతున్నారు. మిగిలిన మాట నిజమే. అయితే ఇవ్వడానికి వెనకాడే అధికారికి నిరాకరించే దారి విశాలమైంది, అడిగే పేదవాడికి నిరూపించుకునే బరువు పెరిగింది. బిల్లు ఎవరి సంతకంతో పాసైంది, కాంట్రాక్టు ఎవరికి దక్కింది, మస్టరులో ఎవరి పేరుంది అన్నవన్నీ ఒక విధంగా వ్యక్తుల వివరాలే మరి.

చట్టం ఉన్నా దాన్ని నడిపే మనుషులను నియమించకపోతే అది పుస్తకంలో అక్షరమే. తెలంగాణ సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి తరవాత రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరు కూడా లేకుండా ఉండిపోయింది. అప్పీలు వేసినవాడు ఎవరి ముందు మొర పెట్టుకోవాలి? హక్కును రద్దు చేశామని ఎవరూ అనలేదు. కుర్చీ ఖాళీగా ఉంచారు, అంతే. హక్కు దానంతట అదే నిలిచిపోయింది.

బయటపెడుతూనే దాచే విద్య ఇంకొకటుంది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు, పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్ల పథకాన్ని కొట్టివేసి వివరాలు వెల్లడించమంది. బాండ్లు అమ్మిన బ్యాంకు జూన్ చివరిదాకా గడువు అడిగింది. కోర్టు ఒప్పుకోలేదు. మార్చిలో వివరాలు వచ్చాయి, కొన్నవారి జాబితా ఒకటి, సొమ్ము చేసుకున్న పార్టీల జాబితా ఇంకొకటి. రెంటినీ కలిపే బాండు నంబర్లు మాత్రం లేవు. కోర్టు మళ్లీ గద్దించాకే అవి బయటికొచ్చాయి. అప్పుడుగానీ ఎవరు ఎవరికి ఇచ్చారో దేశానికి తెలియలేదు. మన కార్యాలయాల్లోనూ ఇదే విద్య నడుస్తోంది. వెతకడానికి వీల్లేని స్కాన్ కాగితాలు, ఒక పట్టికకు మరో పట్టికతో పొంతన లేని నంబర్లు, ఏళ్ల తరబడి మార్చని పేజీలు. డేటాను కంప్యూటర్ చదవగల రూపంలో ఇవ్వాలని కేంద్రం 2012లోనే విధానం ప్రకటించింది. అదే ఏడు లోక్‌సభలో పెట్టిన ప్రభుత్వ కొనుగోళ్ల బిల్లు మాత్రం 2014లో సభతోపాటే కాలం చేసింది. ఆ తరవాత ఏ ప్రభుత్వమూ దానికి ప్రాణం పోయలేదు. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్ల పారదర్శకతకు చట్టాలు చేసుకున్నాయి. మన దగ్గర టెండరు నియమాలు చాలావరకు జీవోల మీదే నడుస్తాయి. జీవోతో వచ్చిన నియమం మరో జీవోతో పోతుంది. ఆ జీవోయే కనిపించకపోతే, నియమం ఉందో పోయిందో చెప్పేవాడే ఉండడు.

పాలకులారా, మీరు చెప్పే అడ్డంకులు తెలియనివి కావు. దేశ రక్షణకు రహస్యం కావాలంటారు. కావాలి, చట్టం దానికి చోటిచ్చింది. చెరువు గట్టుకు, బడి గోడకు, ఆసుపత్రి మందులకు ఏ రహస్యమూ అక్కర్లేదు. వ్యాపార గోప్యత అంటారు. టెండరు తెరిచేదాకా అది న్యాయం. ఖరారయ్యాక ఆ ధర చెల్లించేది ప్రజలే, దాన్ని వారికి చెప్పనంటే ఎలా? పేదల వివరాలు బయటపడతాయంటారు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు దాచండి. అది మీ విధి. ప్రజాధనం పుచ్చుకున్న పేరునూ మొత్తాన్నీ దాచకండి. ప్రతిపక్షం దుష్ప్రచారం చేస్తుందంటారు. పూర్తి కాగితం ఎదుట ఉన్నచోట అబద్ధం ఎక్కువ రోజులు బతకదు, సగం కాగితం ఉన్నచోటే అది పెరుగుతుంది. మీరు ఈరోజు మూసిన తలుపు రేపు మీరు ప్రతిపక్షంలో కూర్చున్నప్పుడు మీకూ మూసే ఉంటుంది. ఆ మాట గుర్తుంచుకుని చట్టం చేయండి.

అధికారులారా, మంత్రులు వస్తారు, పోతారు. మీ సంతకం మాత్రం ఫైలు మీద ఉండిపోతుంది. ఎవరూ అడగకుండానే వివరాలు ప్రకటించాలని, ప్రజలు దరఖాస్తు పెట్టుకునే అవసరమే తక్కువ కావాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను మీకు చెప్పింది. ఆ సెక్షను పాటించడానికి పైనుంచి కొత్త ఆదేశం రానక్కర్లేదు. బహిరంగమైన ఫైలు నిజాయతీపరుడికి కవచం. నోటిమాట ఆదేశాలకు లొంగి రేపు విచారణ సంఘం ముందు ఒంటరిగా నిలబడేకన్నా, ఈరోజు అన్నీ రాసి, అందరికీ చూపడం క్షేమం.

కాంట్రాక్టర్లారా, మీలో నీతిగా పనిచేసేవారు లేకపోలేదు. చీకట్లో జరిగే పోటీలో ముందు ఓడిపోయేది మీరే. కమీషను కలపకుండా ధర వేసేవాడికి అవకాశం రావాలంటే, ఎవరికి ఏ ధరకు ఎందుకిచ్చారో అందరికీ తెలియాలి. ఆ మాట గట్టిగా అడగవలసినవారిలో మీరు ముందుండాలి.

యువకులారా, ప్రపంచంలోని పెద్ద పెద్ద సంస్థల లెక్కలను, డేటాను తీర్చిదిద్దుతున్న చేతులు మీవి. హైదరాబాదులో ఉన్నా, అమెరికాలో ఉన్నా, మీ సొంత మండలంలో ఈ ఏడు మంజూరైన పనుల పట్టిక ఒకటి తయారుచేయండి. జీవోను, టెండరును, బిల్లును ఒకచోట చేర్చి, తెలుగులో, ఊరివారికి అర్థమయ్యేలా పెట్టండి. పుట్టిన ఊరికి గుడి కట్టించడం ఎంత పుణ్యమో, ఊరి లెక్క ఊరికి చదివి వినిపించడం అంతకు తక్కువ పుణ్యం కాదు.

ఇక పౌరులారా, మీకు చెప్పవలసిన మాట కఠినమైనది. పాలకులు లెక్క చెప్పడం మానేయడానికి సగం కారణం మనం అడగడం మానేయడమే. ఖాతాలో ఎంత పడిందని అడుగుతున్నాం, ఖజానాలోంచి ఎంత పోయిందని అడగడం లేదు. మన పార్టీ ప్రభుత్వం దాస్తే వ్యూహమంటాం, ఎదుటి పార్టీ ప్రభుత్వం దాస్తే అవినీతి అంటాం. ఈ పక్షపాతం ఉన్నంతకాలం ఏ పార్టీకీ మనమంటే భయం ఉండదు. 1975లోనే సుప్రీంకోర్టు రాజ్‌నారాయణ్ కేసులో, ప్రజాసేవకులు ప్రజల తరఫున చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ప్రజలకుందని చెప్పింది. యాభై ఏళ్లయింది. హక్కు ఇచ్చేవారు ఇచ్చారు. వాడుకోవలసినవారం వాడుకోవాలి.

కాబట్టి ఈసారి గ్రామసభకు వెళ్లండి. మీ ఊళ్లో జరిగిన ఒక్క పని పేరు చెప్పి, దాని ఎస్టిమేటు, ఒప్పందం ధర, చెల్లించిన మొత్తం, కొలతల పుస్తకం నకలు అడగండి. ఇవ్వకపోతే దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు చేయండి. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ, వాడు ఏ జెండా పట్టుకున్నా, రెండు ప్రశ్నలు వేయండి: జీవోలన్నీ, టెండర్ల పూర్తి వివరాలన్నీ ప్రజల ముందుంచే చట్టానికి నువ్వు చేయెత్తుతావా? మరో ప్రభుత్వం జీవోతో మార్చలేనంత గట్టిగా ఆ చట్టం రాస్తావా? స్పష్టంగా అవునని చెప్పనివాడికి ఓటు వేయకండి. చెప్పి గెలిచినవాణ్ని, గెలిచిన మర్నాటి నుంచే అడగడం మొదలుపెట్టండి.